అమ్మతో జాయింట్‌గా ఉన్న ఎఫ్‌డీలు, అమెరికాలో చెప్పని లెక్క

టెక్సాస్‌లోని ఫ్రిస్కో నుంచి ఒక పాఠకురాలు రాశారు. పేరు వెయ్యొద్దన్నారు. ఉత్తరం చాలా పెద్దది కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ చెబుతాను.

ఆమెది తెనాలి. 2013లో ఎంఎస్ చదవడానికి అమెరికా వెళ్లారు. 2016 అక్టోబరు నుంచి హెచ్‌1బీ మీద ఉద్యోగం చేస్తున్నారు. భర్తదీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే. ఇద్దరూ గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నారు. ఇండియాలో ఆమె పేరు మీద మూడు రకాల ఖాతాలున్నాయి. ఒకటి, ఇంజనీరింగ్‌లో స్కాలర్‌షిప్ కోసం తెరిచిన సేవింగ్స్ ఎకౌంట్. అందులో లక్షా అరవై వేలుంది. రెండోది, 2020లో తన జీతంలోంచి పంపి వేసుకున్న 25 లక్షల ఎన్‌ఆర్‌ఈ ఎఫ్‌డీ (విదేశీ సంపాదనతో ఎన్‌ఆర్‌ఐలు వేసుకునేది). వడ్డీ తీసుకోకుండా వదిలేయడంతో అది ఇప్పుడు 32 లక్షలైంది. మూడోది, హెడ్‌మాస్టరుగా రిటైరైన నాన్నగారు 2019లో పోయాక వచ్చిన డబ్బుతో వేసిన 42 లక్షల ఎఫ్‌డీలు. వాటిలో మొదటి పేరు అమ్మగారిది, రెండో పేరు ఈమెది. నాన్నగారి దినాలకు వెళ్లినప్పుడు "అమ్మాయి పేరు కూడా పెట్టండి, ముందు ముందు ఇబ్బంది ఉండదు" అని బ్యాంకు మేనేజరు చెబితే పెట్టారట.

ఇన్నేళ్లూ ట్యాక్స్ రిటర్న్ సాఫ్ట్‌వేర్‌లో తామే వేసుకున్నారు. విదేశాల్లో ఖాతాలున్నాయా అన్న ప్రశ్నకు ప్రతిసారీ "లేదు" అనే నొక్కారు. పోయిన నెల ఆ బ్యాంకు నుంచి ఒక మెయిల్ వచ్చింది: మీరు ఏ దేశంలో పన్ను కడుతున్నారో, అక్కడి ట్యాక్స్ నంబరు ఏమిటో డిక్లరేషన్ ఇవ్వండి అని. దాని గురించి వెతుకుతూ చదివితే ఖాతాలో సగం డబ్బు జరిమానాగా పోతుందని ఎక్కడో కనిపించింది. అప్పటినుంచి నిద్ర లేదంటున్నారు. "ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు, మనంతట మనం వెళ్లి ఎందుకు చెప్పాలి" అని భర్త. "అన్నీ నా పేరు మీదకి మార్చేద్దాం అక్కా, గొడవ వదిలిపోతుంది" అని తమ్ముడు. పేరు తీసేస్తానని ఫోన్‌లో చెబితే "నాన్న పోయాక నీ పేరుందనే ధైర్యంతో ఉన్నాను" అని అమ్మ ఏడ్చారు. ఉత్తరం చివర ఇంకో రెండు మాటలున్నాయి. రెండేళ్ల కిందట ఒక వాట్సాప్ గ్రూపులో ఎవరో ఈ రిపోర్టుల గురించి రాస్తే, సిటిజన్లకే అనుకుని వదిలేశారు. భర్తకు పెళ్లికి ముందు నుంచి హైదరాబాద్‌లో నెలకు ఐదు వేల సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా కట్టే వాయిదా) నడుస్తోంది. "మా వీసాలు పోతాయా? అమ్మ డబ్బు పోతుందా? ఇప్పుడేం చేయాలి?" అని అడిగారు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందుగా ఒక మాట: ఖాతాలో సగం పోవడం అన్నది మీరున్న పరిస్థితికి రాసిన శిక్ష కాదు. తెలిసీ, కావాలని దాచినవాళ్లకు చట్టం పెట్టిన గరిష్ఠ జరిమానా అది. మీరింకా ఆ గీతకు ఇవతలే ఉన్నారు. ఇవతలే ఉండిపోవడం ఇకమీదట మీ చేతుల్లో ఉంది. నా సలహా అంతా దాని గురించే.

ఇండియాలో ఖాతా ఉండటం తప్పు కాదు. వేరే దేశంలో డబ్బు దాచుకోవద్దని అమెరికా అనదు. చెప్పమంటుంది, అంతే. హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లం, సిటిజన్లం కాదు కదా అని మీరే కాదు, చాలామంది అనుకుంటారు. పన్ను చట్టం చూసేది పాస్‌పోర్టును కాదు, అక్కడ ఎన్నాళ్లు ఉన్నారన్నది. విద్యార్థి వీసా మీద ఉన్న మొదటి ఐదు క్యాలెండరు సంవత్సరాల రోజులు ఈ లెక్కలోకి రావు. హెచ్‌1బీ రోజులు వస్తాయి. 2016లో మీకు హెచ్‌1బీ మీద మూడు నెలలే అయ్యాయి కాబట్టి, మీరు రాసినదాన్నిబట్టి, పన్ను విషయంలో మీరు 2017 నుంచి అమెరికా రెసిడెంటు. చదువుకున్న రోజుల గురించి బెంగ పెట్టుకోనక్కర్లేదు.

రెసిడెంటు అయ్యాక రెండు వేర్వేరు బాధ్యతలుంటాయి. ఈ రెండింటినీ కలిపేసుకోవడం వల్లే మీ భయం సగం పెరిగింది.

మొదటిది సమాచారం ఇవ్వడం. విదేశీ ఖాతాలన్నిటిలో ఉన్నది కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే రిపోర్టు వేయాలి. 1970 నాటి బ్యాంక్ సీక్రసీ చట్టం కింద వచ్చిన నియమం ఇది. ఇది అమెరికా పన్నుల విభాగం ఐఆర్‌ఎస్‌కు పంపే రిటర్నులో భాగం కాదు. అమెరికా ఆర్థిక శాఖలోని ఫిన్‌సెన్ అనే విభాగానికి ఆన్‌లైన్‌లో విడిగా పంపాలి. గడువు ఏప్రిల్ 15. వేయకపోతే అడగకుండానే అక్టోబరు 15 దాకా పొడిగింపు ఉంటుంది. దీనికి పైసా పన్ను లేదు, ఫీజు లేదు. డాలరు 85 రూపాయలనుకుంటే 10,000 డాలర్లంటే ఎనిమిదిన్నర లక్షలు. అమ్మగారి ఎఫ్‌డీల్లో మీ పేరు చేరిన 2019లోనే మీరు ఆ హద్దు దాటారు. డబ్బు అమ్మదే అయినా, ఖాతాలో మీ పేరుంది కాబట్టి 42 లక్షలూ పూర్తిగా చూపించాలి, సగం కాదు.

రెండోది పన్ను కట్టడం. ఇక్కడ ఎవరి పేరుంది అనే ప్రశ్న కాదు, ఎవరి ఆదాయం అనే ప్రశ్న. ఆ ఎన్‌ఆర్‌ఈ ఎఫ్‌డీ వడ్డీ నూటికి నూరుపాళ్లూ మీ ఆదాయమే. బ్యాంకులో "ట్యాక్స్ ఫ్రీ అండీ" అన్న మాట అబద్ధం కాదు. ఇండియాలో ఆ వడ్డీకి పన్ను మినహాయింపు ఉంది. అమెరికాలో లేదు. పైగా వడ్డీ చేతికి రాలేదు, ఎఫ్‌డీలోనే కలిసిపోయింది అన్నా కుదరదు. ఏ ఏడాది చేరిన వడ్డీ ఆ ఏడాది ఆదాయంగానే చూపాలి. ఇండియాలో పన్ను కట్టలేదు కాబట్టి మినహాయించుకునేదీ లేదు. ఏటా ఒక లక్షా ఎనభై వేల వడ్డీ అనుకుంటే రెండు వేల డాలర్ల పైచిలుకు. మీది 24 శాతం శ్లాబు అయితే ఏటా 500 డాలర్ల చొప్పున పన్ను. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు కాబట్టి అక్కడ సరిదిద్దుకోవాల్సింది లేదు. మీరు నిద్ర మానుకున్న లెక్కలో ప్రభుత్వానికి నిజంగా రావాల్సిన పన్ను ఇదీ.

అమ్మగారి ఎఫ్‌డీల వడ్డీ సంగతి వేరు. ఆ డబ్బు నాన్నగారి కష్టార్జితం, అమ్మగారికి వచ్చింది. వడ్డీ ఆవిడ ఖాతాలోనే పడుతోందని, టీడీఎస్ పట్టకుండా ఏటా ఆవిడే 15హెచ్ ఫారం ఇస్తున్నారని రాశారు. ఆ వడ్డీ ఆవిడదని చూపడానికి ఇవన్నీ గట్టి ఆధారాలు. ఇంకో బలమైన సంగతి ఉంది. ఇండియాలో ఉంటున్న వ్యక్తి తన ఖాతాలో ఎన్‌ఆర్‌ఐ అయిన దగ్గరి బంధువును ఐదర్ ఆర్ సర్వైవర్ (ఇద్దరిలో ఎవరైనా నడపగలిగే) పద్ధతిలో చేర్చుకోవచ్చని రిజర్వు బ్యాంకు 2014లో అనుమతించింది. అయితే షరతు పెట్టింది: ఆ ఎన్‌ఆర్‌ఐ ఖాతాను వాడేది అక్కడున్నవాళ్ల తరఫునే, తన సొంత లాభానికి కాదు. మీరు చేసింది అదే. అందుకని ఆ వడ్డీ మీ రిటర్నులోకి రానక్కర్లేదన్నది సమర్థించుకోగల మాట. దానికి కాగితాలు కావాలి. నాన్నగారి రిటైర్మెంటు ఉత్తర్వులు, ఆ డబ్బు అమ్మగారి ఖాతాలో పడ్డ రోజు పాస్‌బుక్ పేజీ, 15హెచ్ రసీదులు. తమ్ముడిని తెనాలి వెళ్లి ఇవి ఫొటోలు తీసి పంపమనండి. ఆయనకు సాయం చేయాలనుంటే పేర్లు మార్చడం కంటే ఇది వందరెట్లు మేలు.

ఇక మీ ముందున్న దారులు.

మీవారు చెబుతున్న దారి, ఊరుకోవడం. ఆయన మాటలో నిజం లేకపోలేదు. ఇన్నేళ్లూ ఎవరూ అడగలేదు. కానీ 2010లో అమెరికా తెచ్చిన ఫాట్కా చట్టం ప్రకారం ఇండియా 2015 జులైలో ఒప్పందం మీద సంతకం చేసింది. ఇండియాలోని బ్యాంకులు అమెరికా పన్ను రెసిడెంట్ల ఖాతాల వివరాలు మన ఆదాయపు పన్ను శాఖకు ఇస్తాయి. అక్కడినుంచి అవి ఐఆర్‌ఎస్‌కు వెళతాయి. మీకొచ్చిన మెయిల్ ఆ పని కోసమే. అంటే అడగటం మొదలైంది. ఇంతకంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇంకొకటి. నిన్నటి దాకా మీరు తెలియక "లేదు" అన్నారు. వచ్చే ఏప్రిల్‌లో అదే గడి మీద "లేదు" అని నొక్కితే తెలిసి నొక్కినట్టవుతుంది. ఆ ప్రశ్న రిటర్నులోని షెడ్యూల్ బి అనే భాగంలో ఉంటుంది. ఆ రిటర్ను మీద మీరు సంతకం చేసేది, రాసింది అబద్ధమైతే శిక్షకు సిద్ధమన్న ప్రమాణంతో. తెలియక మానేసినదానికి ఏడాదికి 10,000 డాలర్ల దాకా జరిమానా అని చట్టంలో ఉంది. ద్రవ్యోల్బణంతో పెరిగి ఇప్పుడది 16 వేలు దాటింది. తెలిసి దాచితే లక్ష డాలర్లు (ఇదీ ద్రవ్యోల్బణంతో పెరుగుతూ ఉంటుంది) లేదా ఖాతాలో ఉన్నదానిలో సగం, ఏది ఎక్కువైతే అది. మీరు చదివి బెంబేలెత్తిన సగం ఇదే. ఊరుకునే దారి మిమ్మల్ని నేరుగా అక్కడికే తీసుకెళుతుంది.

వీసా భయం కూడా ఇక్కడే చెబుతాను. ఎఫ్‌బార్ వేయడం మర్చిపోయి, తర్వాత మీకై మీరే సరిదిద్దుకున్నది పన్ను లెక్కల వ్యవహారం. అందుకోసం వీసా రద్దు చేయరు. ప్రమాదం ఉన్నది మోసంలో. తెలిసి తప్పుడు రిటర్ను వేసి దోషిగా తేలి, ప్రభుత్వానికి వచ్చిన నష్టం 10,000 డాలర్లు దాటితే, సిటిజన్ కానివాళ్లను దేశం నుంచి పంపేయవచ్చని 2012లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. మీ పన్ను ఆ మొత్తానికి చాలా దూరం. అయినా గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నవాళ్లు ఆ వైపు చూడనే కూడదు.

ఇక తమ్ముడి దారి, అన్నీ తన పేరు మీదకు మార్చడం. ఇప్పుడు మాత్రం దయచేసి ఇది చేయొద్దు. గడిచిన ఏళ్లలో మీ పేరు ఉందన్న నిజం దీనివల్ల చెరిగిపోదు. బ్యాంకు నుంచి మెయిల్ వచ్చిన నెలలోనే ఖాతాలన్నీ ఖాళీ చేస్తే, రేపు ఎవరు చూసినా దాచడానికే చేశారంటారు. తెలియక జరిగిందన్న మీ మాటకు మీరే గండి కొట్టుకున్నట్టవుతుంది. మీ సొంత 32 లక్షలు తమ్ముడి పేరున పెడితే అది అమెరికా లెక్కలో బహుమతి కూడా అవుతుంది. 2025లో ఒక మనిషికి 19,000 డాలర్లు దాటి ఇస్తే దానికి ఇంకో ఫారం, 709. ఒక గొడవ పోగొట్టుకోబోయి రెండు తెచ్చుకోవడమే.

మూడో దారి చాలామంది పాటించేది. పాతవి వదిలేసి ఈ ఏడాది నుంచి సరిగ్గా వేయడం, లేదా పాత రిటర్నులు చడీచప్పుడు లేకుండా సవరించి పంపేయడం. ఊరుకోవడం కంటే ఇది మేలే. ముందు ముందైనా తప్పు పెరగదు. కానీ పాత ఏళ్ల మీద మీకు ఏ రక్షణా ఉండదు. ఎఫ్‌బార్ జరిమానా వేయడానికి ప్రభుత్వానికి ఆరేళ్ల గడువుంది. ఆరేళ్లూ తలుపు చప్పుడైనప్పుడల్లా ఉలిక్కిపడుతూ బతకాలి. మీ ఉత్తరం చదివాక, మీ మనస్తత్వానికి ఇది పడదనిపించింది.

నాలుగోది, మీలాంటివాళ్ల కోసమే ఐఆర్‌ఎస్ పెట్టిన స్ట్రీమ్‌లైన్డ్ పద్ధతి. గడువు దాటిన గత మూడేళ్లకూ రిటర్నులు ముందే వేసి ఉండాలి. ఐఆర్‌ఎస్ తనిఖీ మొదలై ఉండకూడదు. జరిగింది కావాలని చేసింది కాకూడదు. ఈ మూడూ మీకు వర్తిస్తాయని మీ ఉత్తరాన్నిబట్టి అనుకుంటున్నాను. చేయాల్సింది: మూడేళ్ల రిటర్నులు సవరించి ఎన్‌ఆర్‌ఈ వడ్డీ, పాత సేవింగ్స్ వడ్డీ చూపించి, పన్ను, దాని మీద వడ్డీ కట్టాలి. ఆరేళ్ల ఎఫ్‌బార్లు వేయాలి. ఫారం 14654లో అసలు ఏం జరిగిందో మీ మాటల్లో రాసి సంతకం చేయాలి. వీటితో పాటు, చూపించని ఖాతాల మొత్తం ఆరేళ్లలో ఏ ఏడాది చివర ఎక్కువగా ఉందో దాని మీద 5 శాతం ఒకే ఒక్క జరిమానా. దాంతో ఆ ఏళ్లకు ఎఫ్‌బార్ జరిమానాలు ఉండవు.

డబ్బు లెక్క వేసి చూపిస్తాను. మీ సొంతం సుమారు 34 లక్షలు, అంటే 40,000 డాలర్లు. 5 శాతం అంటే 2,000. మూడేళ్ల పన్ను 1,500, కాస్త వడ్డీ. అమ్మగారి ఎఫ్‌డీలను కూడా ఈ 5 శాతంలో కలపాలా అన్నదే అసలు ప్రశ్న. పేరు ఉన్నా సొంత ప్రయోజనం లేని ఖాతాలను ఈ జరిమానా లెక్కలో చేర్చనక్కర్లేదన్నది ఐఆర్‌ఎస్ మాటే. అందుకే పైన చెప్పిన కాగితాలు అంత ముఖ్యం. ఒకవేళ కలపాల్సి వచ్చినా మొత్తం 76 లక్షల మీద 4,500 డాలర్ల లోపే. అదీ మీ జేబులోంచే కట్టాలి, అమ్మగారి డబ్బులోంచి కాదు. ఆవిడకు ఈ మాట స్పష్టంగా చెప్పండి.

ఆదాయమంతా చూపించి, ఎఫ్‌బార్ ఒక్కటే మర్చిపోయినవాళ్లకు 5 శాతం కూడా లేని ఇంకా తేలికైన పద్ధతి ఉంది. అమ్మగారి ఎఫ్‌డీలు మాత్రమే ఉండి ఉంటే మీరు అందులోకి వచ్చేవాళ్లు. ఎన్‌ఆర్‌ఈ వడ్డీ చూపించలేదు కాబట్టి రారు. ఇండియాకు తిరిగొచ్చేసి మూడేళ్లలో కనీసం ఒక ఏడాది 330 రోజులు అమెరికా బయట ఉన్న సిటిజన్లకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు స్ట్రీమ్‌లైన్డ్‌లోనే ఆ 5 శాతం లేదు. ఇది చదువుతున్న మిగతావారిలో ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

ఇప్పుడు ఆ వాట్సాప్ మాట. ఉత్తరం అడుగున ఒక్క వాక్యంలో రాసేశారు కానీ మొత్తం వ్యవహారంలో దీనంత బరువైనది ఇంకోటి లేదు. చట్టాన్ని పొరపాటుగా అర్థం చేసుకోవడం, అజాగ్రత్త, మరచిపోవడం, ఇవన్నీ కావాలని చేయడం కిందికి రావు. సిటిజన్లకే అనుకోవడం నిజాయితీగా జరిగిన పొరపాటేనని నేను నమ్ముతున్నాను. కానీ అసలు పట్టించుకోకుండా కళ్లు మూసుకోవడాన్ని కూడా కోర్టులు తెలిసి చేసినదానిగానే చూశాయి. అందుకే ఆ మెసేజ్‌లో ఏముంది, మీరు ఎంతవరకు చదివారు, ఆ రోజు ఏమనుకున్నారు అన్నది ముందు ఒక ట్యాక్స్ ఎటార్నీతో (పన్నుల లాయరుతో) మాట్లాడండి. సీపీఏ (లైసెన్సున్న అకౌంటెంటు) కంటే ముందు ఎటార్నీ. ఎటార్నీకి చెప్పిన మాట బయటికి రాకుండా చట్టం కాపాడుతుంది. సీపీఏకి చెప్పినదానికి క్రిమినల్ వ్యవహారాల్లో ఆ రక్షణ లేదు. గ్రూపులోంచి ఆ మెసేజ్ తీసేయకండి. 14654లో రాసే మీ కథలో ఆ మాట ఉండాలా, ఎలా ఉండాలి అన్నది ఎటార్నీతో కలిసి తేల్చుకోండి. మనకు అనుకూలమైనవే రాసి, కానివి దాచిన కథకు విలువ ఉండదు. అంతకంటే, దాని మీద పెట్టిన సంతకమే ఇబ్బంది తెస్తుంది. ఎటార్నీ అంతా విని ఇది కావాలని చేసినదానికి దగ్గరగా ఉంది అంటే, స్వచ్ఛందంగా వెల్లడించే వేరే మార్గం ఉంది. ఖర్చు చాలా ఎక్కువ. మీకు ఆ అవసరం రాదనే అనుకుంటున్నాను.

కొంచెం ధైర్యం కోసం ఒక కేసు చెబుతాను. అలెగ్జాండ్రూ బిట్నర్ అనే ఆయన రుమేనియాలో పుట్టి అమెరికా పౌరుడయ్యాడు. మళ్లీ రుమేనియా వెళ్లి వ్యాపారాలు చేశాడు. ఎఫ్‌బార్ సంగతి ఆలస్యంగా తెలిసింది. ఐదేళ్ల రిపోర్టులకు, ఖాతాకు ఇంత చొప్పున లెక్కగట్టి 27 లక్షల డాలర్ల పైన జరిమానా వేశారు. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు 5-4 తీర్పుతో, కావాలని చేయనప్పుడు జరిమానా ఖాతాల సంఖ్యను బట్టి కాదు, ఏడాదికి ఒక రిపోర్టు లెక్కన అని చెప్పింది. అది 50,000 డాలర్లకు దిగింది. మీ అమ్మగారికి ఎన్ని ఎఫ్‌డీ బాండ్లుంటే అన్ని జరిమానాలన్న భయం మీకు ఇక వద్దు.

పని మొదలుపెట్టినప్పుడు విసుగు పుట్టించేది రూపాయల లెక్కలే. ఇండియా బ్యాంకు ఇచ్చే వడ్డీ సర్టిఫికెట్ ఏప్రిల్ నుంచి మార్చి దాకా ఉంటుంది. అమెరికాకు జనవరి నుంచి డిసెంబరు దాకా కావాలి. కాబట్టి సర్టిఫికెట్లు కాక, తేదీలవారీ స్టేట్‌మెంట్లు తెప్పించుకోండి. ఎఫ్‌బార్‌లో ఒక్కో ఖాతాకు ఆ ఏడాది ఎక్కువలో ఎక్కువ ఎంత ఉందో రాసి, ఆర్థిక శాఖ ప్రకటించే డిసెంబరు 31 రేటుతో డాలర్లలోకి మార్చాలి. ఎఫ్‌డీ రెన్యువల్ అయినప్పుడు కొత్త నంబరు వస్తే పాతదీ కొత్తదీ రెండూ రాయాలి. ఒకే డబ్బు రెండుసార్లు కనిపిస్తుంది. దానికి కంగారు పడకండి, పన్ను దాని మీద కాదు. అమ్మగారి బీరువాలో ఉన్న బాండ్ల రెండు వైపులా ఫొటోలు తీయించండి. రెన్యువల్ తేదీలు చాలాసార్లు వెనక వైపే ఉంటాయి.

పాత సేవింగ్స్ ఖాతా గురించి మీరు అడగలేదు కానీ అదీ సరిచేయాలి. విదేశంలో ఉద్యోగానికి వెళ్లినవాళ్లు మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా (ఇండియాలోని డబ్బు కోసం ఎన్‌ఆర్‌ఐలకు ఉండే ఖాతాగా) మార్చుకోవాలి. ఎన్‌ఆర్‌ఓ వడ్డీ మీద 30 శాతం, సెస్సుతో కలిపి 31.2 శాతం టీడీఎస్ పడుతుంది. రెండు దేశాల ఒప్పందం కింద దాన్ని 15కి తగ్గించుకోవచ్చు. అందుకు ఐఆర్‌ఎస్ నుంచి రెసిడెన్సీ సర్టిఫికెట్ తేవాలి, దాని ఫీజు 85 డాలర్లు. మీకు ఆ ఖాతాలో ఏటా వచ్చే నాలుగైదు వేల రూపాయల వడ్డీకి అది దండగ. ఎన్‌ఆర్‌ఓలో పెద్ద డిపాజిట్లున్నవాళ్లు మాత్రం తప్పక తెచ్చుకోవాలి.

మీవారి సిప్ ఎటార్నీకి మొదటి రోజే చెప్పాల్సిన విషయం. నెలకు ఐదు వేలే కదా అనుకుంటాం. ఇండియా మ్యూచువల్ ఫండ్లను అమెరికా పన్ను చట్టం పీఎఫ్‌ఐసీ అనే వేరే గాటన కడుతుంది. అమ్మినప్పుడు పన్ను లెక్క చాలా కఠినం. ఉమ్మడి రిటర్ను వేసేవాళ్లకు ఏడాది చివర వాటి విలువ 50,000 డాలర్లు దాటకపోతే, ఆ ఏడాది అమ్మకపోతే ఈ ఫండ్ల వివరాలు చెప్పే ఫారం 8621 అక్కర్లేదు. అందుకే ఇప్పుడు కంగారుపడి అమ్మొద్దు. కొత్త వాయిదాలు ఆపేయడం మంచిది. ఇంకొకటి, మీ ఖాతాలూ ఆయన ఫండ్లూ కలిపి ఏడాది చివర లక్ష డాలర్లు, లేదా ఏడాది మధ్యలో ఎప్పుడైనా లక్షన్నర దాటితే రిటర్నుతో విదేశీ ఆస్తులు చూపే ఫారం 8938 కూడా పెట్టాలి. మీ 76 లక్షలు ఒక్కటే అయితే దాదాపు 89,000 డాలర్లు. ఫండ్లు కలిపితే దాటొచ్చు.

అమ్మగారి విషయం. పాత లెక్కలు పంపడం పూర్తయ్యాక ఆ ఎఫ్‌డీల్లో మీ పేరు ఉంచాలా వద్దా అన్నది మీ ఇద్దరూ తీరిగ్గా ఆలోచించుకోవచ్చు. ఉంచితే ఏటా ఎఫ్‌బార్‌లో ఇంకో నాలుగు వరుసలు నింపడం తప్ప నష్టమేమీ లేదు. ఆవిడకు ధైర్యం మిగులుతుంది. ఇది చెడ్డ ఎంపిక కాదు. తీసేయాలనుకుంటే రెన్యువల్ సమయంలో మిమ్మల్ని నామినీగా మార్చమనండి. ఉత్త నామినీకి ఎఫ్‌బార్ బాధ్యత ఉండదు. అవసరానికి బ్యాంకుకు వెళ్లడానికి తమ్ముడి పేరు చేర్చుకోవచ్చు. నామినీ అంటే ఆ డబ్బుకు వారసులని కాదు కాబట్టి, ఆవిడ ఇష్టం ఏమిటో ఒక వీలునామా రాసిపెడితే మీ అక్కాతమ్ముళ్ల మధ్య రేపు మాట రాదు. ఏదైనా ఫోన్‌లో చెప్పకండి. పేరు తీయడం అనగానే ఆవిడకు వినిపించేది కూతురు దూరమవుతోందనే. ఈసారి వెళ్లినప్పుడు పక్కన కూర్చుని, ఈ డబ్బు నీదేనని అమెరికాకు కాగితం మీద చెబుతున్నానమ్మా అనండి. అది నిజం కూడా.

బ్యాంకు అడిగిన డిక్లరేషన్‌లో తప్పు రాయొద్దు. సంతకం చేసే ముందు ఎటార్నీ అపాయింట్‌మెంట్ తీసుకోండి. కానీ దాని గడువు దాటనివ్వకండి.

మీరిద్దరూ కలిసి రిటర్ను వేస్తున్నారు కాబట్టి సవరించిన రిటర్నుల మీద, 14654 మీద మీవారి సంతకం కూడా కావాలి. ఆయన్ను బలవంతంగా ఒప్పించాలని చూడకండి. ఎటార్నీతో మొదటి మాటకు ఆయన్ను కూడా కూర్చోబెట్టి, ఊరుకుంటే ఏమవుతుందో ఆయననే అడగమనండి. అప్పటికీ ఆయనకు సందేహం మిగిలితే, ఈసారి ఉత్తరం ఆయన్ను రాయమనండి. జవాబు రాస్తాను.